నేల చల్లబడ్డాక వాన ఎందుకు జోరందుకుంటుంది? ఒక పిల్ల అడిగిన ప్రశ్న

వంశధార ఒడ్డు (గుణుపురం, రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారం. సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద పదిమంది పిల్లలకు తెలుగులో సైన్సు చెబుతుంటాను. వాళ్ళ బడి చదువు ఒడియాలో, ఇంటి మాట తెలుగులో. ఈ రెండింటి మధ్య ఏ సంగతీ జారిపోకుండా చూడటమే నా పని.

పోయిన వారం రుతుపవనాల పాఠం వచ్చింది. వేసవిలో నేల కాగుతుంది, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది గాలి తేమతో వస్తుంది అని ఏటా చెప్పినట్టే చెప్పాను. గోడకు ఆనుకుని కూర్చునే ఎనిమిదో తరగతి అమ్మాయి చెయ్యి ఎత్తింది. వాళ్ళ నాన్నకు ఏటి పక్కన ఎకరం వరి మడి ఉంది. "టీచర్, రోహిణి కార్తెలో టిట్లాగఢ్ నిప్పుల కొలిమిలా ఉంటుంది కదా, అప్పుడు రాని గాలి, వానలు పడి నేల చల్లబడ్డాక ఇంకా గట్టిగా ఎందుకు వస్తుంది? వేడే లాగుతుంటే మొదటి నాలుగు వానలకే అంతా ఆగిపోవాలి కదా" అంది.

నా దగ్గర జవాబు లేదు. సోమవారం చెబుతానన్నాను. అప్పటినుంచి వెతుకుతుంటే "మేఘాల్లో విడుదలయ్యే వేడి రుతుపవనాలను నడుపుతుంది" అన్న మాట ఒకచోట కనిపించింది. వాన పడితే ఒళ్ళు చల్లబడుతుంది, ఊరు చల్లబడుతుంది. అలాంటి వాన గాలిని వేడి చేయడం ఏమిటి? పిల్లలకు చూపించి చెప్పగలిగేలా ఎవరైనా వివరిస్తారా?

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి)

అమ్మా, ముందుగా ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పండి. నేలకూ సముద్రానికీ మధ్య వేడిలో ఉన్న తేడా వల్లే ఈ గాలులు పుడతాయని హేలీ రాసింది 1686లో. తోకచుక్కకు పేరు పెట్టారే, ఆ హేలీయే. బడి పుస్తకాలు ఇప్పటికీ ఆయన మాటే చెబుతున్నాయి. ఆ మాట అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం నాకు బెలూను నేర్పింది.

నా ఉద్యోగ జీవితమంతా తీరం మీది ఒక వాతావరణ పరిశీలన కేంద్రంలో గడిచింది. తెల్లవారుజామున అయిదు గంటలకు హైడ్రోజన్ నింపిన రబ్బరు బెలూనుకు చిన్న పెట్టె కట్టి వదిలేవాళ్ళం. పీడనం, వేడి, తేమ ఎంతెంత ఉన్నాయో ఆ పెట్టె రేడియో ద్వారా కిందికి చెబుతూ ఉంటుంది. వానాకాలంలో ఆ పని చేసినవాడికి తెలుస్తుంది: రబ్బరు మీద చినుకులు డప్పు కొట్టినట్టు పడుతుంటాయి, పడమటి గాలి బెలూనును గుంజుకుపోతుంటుంది, దాని మెడ పట్టుకున్న రెండు చేతులూ వణుకుతుంటాయి. వదలగానే అది సముద్రం వైపు, అంటే తూర్పుకు, ఒరిగిపోతూ మబ్బులో మాయమయ్యేది. నిమిషానికి సుమారు 300 మీటర్ల చొప్పున ఎక్కుతుంది. ఆరేడు కిలోమీటర్లు దాటాక లెక్కలు తిరగబడేవి. సముద్రం మీదికి పోయిన బెలూను వెనక్కి మళ్ళి, మా తల మీదుగా పడమటి కొండల వైపు పరుగెత్తేది. పదిహేను కిలోమీటర్ల ఎత్తులో దాన్ని తోసే తూర్పు గాలి కొన్ని రోజులు గంటకు నూరు కిలోమీటర్లు దాటేది. ఈ గాలి ప్రవాహాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది పంచేటి కోటేశ్వరం గారు. 1958లో దాని మీద పరిశోధన పత్రం ప్రచురించారు, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు.

కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి. నేల మీది వేడి ఒక్కటే కారణమైతే నడిచేది కింది అంతస్తు మాత్రమే. పదిహేను కిలోమీటర్ల పైన అంతటి ప్రవాహం పుట్టాలంటే వేడి అక్కడికి దగ్గరలోనే ఎక్కడో పడుతూ ఉండాలి. ఆ వేడి ఎక్కడిదో మీ ఇంట్లో కుండ చెబుతుంది.

వేసవిలో మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కుండ ఒంటికి ఊరిన చెమ్మ ఆవిరవుతూ కుండ వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. పట్టుకుపోయిన వేడి మాయమైపోదు, ఆవిరిలో దాగి ఉంటుంది. గుప్తోష్ణం అన్న పేరు అందుకే వచ్చింది. ఆవిరి మళ్ళీ నీరైనప్పుడు ఆ వేడి అణా పైసలతో సహా బయటికి వస్తుంది. మరిగే నీళ్ళకంటే ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు చేతికి తగిలే ఆవిరి ఎక్కువగా కాల్చేది ఇందుకే: అది చేతి మీద నీరవుతూ తనలో దాచుకున్న వేడినంతా చర్మానికి అప్పగిస్తుంది. ఇప్పుడు హిందూ మహాసముద్రాన్నీ అరేబియా సముద్రాన్నీ ఒక పెద్ద కుండ అనుకోండి. గాలి వాటి ఒంటి చెమ్మను ఎత్తుకుని రెండు మూడు వేల కిలోమీటర్లు మోసుకొచ్చి, మన మీద మేఘంగా మారుస్తుంది. సముద్రం దగ్గర తీసుకున్న వేడి మన నెత్తిన, ఆకాశంలో, దిగుతుంది. చినుకు మీ చేతికి చల్లగా తగులుతుంది కానీ, అది పుట్టిన చోట చుట్టూ ఉన్న గాలిని వెచ్చబెట్టి మరీ కిందికి వచ్చింది.

ఎంత వేడి అని పిల్లలు అడుగుతారు. ఒక కిలో ఆవిరి నీరైతే సుమారు 25 లక్షల జౌళ్ళు (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం). ఆ అమ్మాయి వాళ్ళ ఎకరం మడి మీద ఒక్క సెంటీమీటరు వాన పడిందనుకుందాం. అది 40 వేల లీటర్ల నీరు. ఆ నీరు మేఘంలో తయారైనప్పుడు విడుదలైన వేడిని కరెంటు లెక్కలోకి మారిస్తే దాదాపు 28 వేల యూనిట్లు. ఒక ఎకరం మీద, ఒక్క సెంటీమీటరుకు! ఆమెను బంగాళాఖాతం నుంచి గుజరాత్ దాకా ఉన్న ఎకరాలను ఊహించమనండి.

ఇక టిట్లాగఢ్ సంగతి. మే నెలలో నేల కాగేది నిజమే. అయితే ఆ వేడి కింది రెండు మూడు కిలోమీటర్లలోనే ఆగిపోతుంది. దాని మీద పొడి గాలి మూతలా కూర్చుని కిందికి దిగుతుంటుంది. మన ఉపఖండంలో అన్నిటికంటే తక్కువ పీడనం జూన్, జులైల్లో రాజస్థాన్, పాకిస్థాన్ ఎడారుల మీద ఉంటుంది. అక్కడ వాన ఎంతో మనకు తెలిసిందే. నేల ఎంత కాలినా మూత తెరుచుకోకపోతే మబ్బు ఎదగదు. మబ్బు ఎదిగిన చోట కథ వేరు. అక్కడ వేడి పడేది అయిదు నుంచి పది కిలోమీటర్ల ఎత్తులో. జులైలో మన మీద ఆ ఎత్తున ఉన్న గాలి, భూమధ్యరేఖ మీద అదే ఎత్తున ఉన్న గాలికంటే వెచ్చగా ఉంటుంది. (వెచ్చన అంటే కాళ్ళు కాలేది కాదమ్మా, చాలావరకు సున్నాకు దిగువే. పక్కవాటితో పోలిస్తే వెచ్చన.) వెచ్చబడ్డ గాలి ఉబ్బుతుంది. పైన పీడనం పెరిగి గాలి నలుదిక్కులకూ పొర్లిపోతుంది. పైన పోయినకొద్దీ కింద భారం తగ్గి నేల మీద పీడనం పడిపోతుంది. అప్పుడు సముద్రం వైపు నుంచి ఇంకా గాలి వస్తుంది, ఇంకా ఆవిరి తెస్తుంది, ఇంకా మబ్బు కడుతుంది. వాన వానను పిలుస్తుంది. నేల చల్లబడ్డా ఆగకపోవడానికి కారణం ఇదే: శ్రావణం నాటికి పొయ్యి నేల మీద లేదు, ఆకాశంలో ఉంది.

నేల వేడికి పని లేదని కాదు. తొలి తోపు దానిదే. దానికి తోడు టిబెట్ పీఠభూమి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఎండకు కాగుతూ, పై గాలిని నేరుగా వెచ్చబెడుతుంది.

సిరొంచ పత్తి చేను (గడ్చిరోలి జిల్లా)

పెద్దాయన గారికి నమస్కారం. రెండుసార్లు చదివాను. మాది ప్రాణహిత ఒడ్డు. అవతలి గట్టు తెలంగాణ. మా ఊళ్ళో రోహిణి కాస్తేనే మృగశిర కురుస్తుందంటారు, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. మీరు చెప్పిన తొలి తోపు మాటతో ఇవి సరిపోతున్నాయి.

నా బాధ ఆ తర్వాతది. వాన వానను పిలుస్తుందన్నారు. అలాగైతే శ్రావణంలో మాకు పదిహేను రోజులు, ఒక్కోసారి ఇరవై రోజులు ఆకాశం తెల్లబారిపోవడం ఎందుకు? ఒక ఏడాది పత్తి పూత మీద ఉండగా సరిగ్గా అలాగే అయింది. చేనులో నిలబడితే ఎండిన పూత రాలుతున్న చప్పుడు వినబడింది. నేను కల్పించి రాయడం లేదు, గాలి లేని మధ్యాహ్నం అది నిజంగా వినిపిస్తుంది. అదే వారం ప్రాణహితలో నీళ్ళు మాత్రం పెరిగాయి. ఎగువన వైన్‌గంగ మీద ఎక్కడో కురిసింది. కళ్ళ ముందు ఏరు నిండుగా పోతోంది, చేను ఎండుతోంది. పొయ్యి ఆకాశంలో అంత పెద్దదై ఉంటే ఆర్పేది ఎవరు?

ఇంకొకటి. రేడియోలో బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మాకు ఆశ. అది ఒడిశా దగ్గర తీరం దాటితే ఇక్కడ మాకు వాన పడుతుంది. దాటిన చోట కాకుండా ఇంత దూరాన ఎందుకు?

బరంపురం విద్యార్థి (గంజాం జిల్లా)

నేను వాతావరణ శాస్త్రంలో పీజీ చేస్తున్నాను. తాతగారు చెప్పిన బెలూను కథ మా తరగతిలో ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు. గాలి దిక్కు గురించి ఒక మాట కలుపుతాను, టిబెట్ గురించి ఒక చిన్న సవరణ కూడా.

ఆకాశంలో ఒకచోట వేడి పెడితే గాలి అన్ని వైపుల నుంచీ ఒకేలా రాదు. భూమి తిరుగుతోంది కదా. జపాన్‌కు చెందిన మత్సునో 1966లో, ఇంగ్లండ్‌లో పనిచేసిన గిల్ 1980లో ఈ లెక్క కట్టారు. వేడి పడ్డ కబురు తూర్పుకు భూమధ్యరేఖ వెంట వేగంగా పోతుంది, దాన్ని కెల్విన్ తరంగం అంటారు. పడమటికి అందులో మూడో వంతు వేగంతో, రేఖకు కాస్త ఎడంగా పోతుంది, అది రాస్బీ తరంగం. వేడి రేఖకు ఉత్తరాన పడితే, దానికి వాయవ్యంగా కింద అల్పపీడనపు సుడి, పైన దానికి ఎదురు తిరిగే అధికపీడనపు సుడి ఏర్పడతాయి. మన రుతుపవనాల బొమ్మ దాదాపు అదే. దక్షిణార్ధంలో మాస్కరీన్ దీవుల దగ్గర నుంచి బయలుదేరిన గాలి, ఆఫ్రికా కొండల గోడ పక్కగా రేఖ దాటి, సొమాలియా తీరం దగ్గర కుడికి తిరిగి, అరేబియా సముద్రం మీదుగా మన వైపు వస్తుంది. కిలోమీటరున్నర ఎత్తులో దాని వేగం అన్నిటికంటే ఎక్కువ. 1969లో దాన్ని వివరించిన ఫిండ్లేటర్ పేరుతోనే పిలుస్తారు.

మన మేఘాల వేడి ఎంత దూరం పోతుందంటే, 1996లో రాడ్వెల్, హాస్కిన్స్ అనే ఇద్దరు ఒక సంగతి చూపించారు. ఇక్కడ పడే వేడి పడమటికి పంపే తరంగం వల్ల మధ్యధరా సముద్రం చుట్టుపక్కల, సహారా తూర్పు భాగంలో గాలి కిందికి దిగుతుంది. మన వాన పక్క ఖండానికి ఎండ. ఇది మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

టిబెట్ గురించి: 2010లో బూస్, కువాంగ్ కంప్యూటర్ నమూనాలో పీఠభూమిని తీసేసి, హిమాలయాల గోడ మాత్రం ఉంచి చూశారు. దక్షిణాసియా రుతుపవనాలు దాదాపు అలాగే వచ్చాయి. అంటే కొండలు చేసే పెద్ద మేలు పొయ్యిలా కాగడం కంటే, ఉత్తరాది పొడి చల్లగాలి మన తేమగాలిలో కలవకుండా అడ్డు నిలవడం.

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి)

బాబూ, మా రోజుల్లో టిబెట్ పొయ్యి అన్నది తిరుగులేని మాట. నీ సవరణను ఒప్పుకుంటున్నాను. గోడగా మేలు చేస్తోందన్నది నాకు నచ్చింది కూడా, ఎందుకంటే సిరొంచ ఆయన ప్రశ్నకు జవాబు అక్కడినుంచే మొదలవుతుంది.

అన్నా, ఆ పొయ్యిని ఆర్పేవి చాలా ఉన్నాయి. వాయవ్యం నుంచి పొడి గాలి మధ్య ఎత్తుల్లో చొరబడితే ఎదుగుతున్న మబ్బు నడుములోనే ఎండిపోతుంది. పది రోజులు మబ్బు కమ్మితే బంగాళాఖాతానికి ఎండ తగలదు, పై నీరు చల్లబడుతుంది, ఆవిరి తగ్గుతుంది. మళ్ళీ ఎండ కాసి నీరు వెచ్చబడే దాకా ఆగాలి. వీటన్నిటి మీదా ఇంకొకటి ఉంది. హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖ దగ్గర మేఘాల గుంపు ఒకటి పుట్టి తూర్పుకు కదులుతూ భూగోళం చుట్టే ప్రయత్నం చేస్తుంది. మాడెన్, జూలియన్ 1971లో కనిపెట్టారు. ముప్పై నుంచి అరవై రోజులకు ఒక ఆవృత్తి. వానాకాలంలో ఆ గుంపు నుంచి వాన పట్టీలు ఉత్తరంగా మన మీదికి జరుగుతాయి. ఒక పట్టీ హిమాలయాల పాదాల దాకా వెళ్ళిపోయి, తర్వాతిది ఇంకా రేఖ దగ్గరే ఉన్న రోజులు మీరు చెప్పే తెల్లబారిన రోజులు. అప్పుడు రుతుపవన ద్రోణి, అంటే వానలు తెచ్చే పొడవాటి అల్పపీడన పట్టీ, కొండల కిందికి జరుగుతుంది. బీహార్, అస్సాం వరదల్లో ఉంటాయి, మన చేలు నెర్రెలు విచ్చుతాయి. పొయ్యి ఆరలేదు, చోటు మారింది. 2002 జులైలో దేశం మొత్తం మీద వాన దాదాపు సగానికి పడిపోయింది. ఆ నెలంతా మా బెలూన్లు పైన మందకొడిగా నడిచాయి. తూర్పు గాలిలో ఆ జోరు లేదు. కాగితం మీద అంకెలు రాస్తుంటే, వీధిలో నారు ఎండిపోతున్న రైతులు కళ్ళ ముందు కదిలేవారు. వాళ్ళకు చెప్పగలిగినది ఏదీ నా చేతిలో లేదు.

ఎల్ నినో కూడా ఇదే కథ, ఇంకా పెద్ద కొలతలో. ఇండోనేషియా దగ్గర ఉండవలసిన వెచ్చని నీరు, దానితోపాటే మేఘాలు, పసిఫిక్ నడిమికి జరుగుతాయి. వేడి పడే చోటు అటు పోతే మన మీద గాలి కిందికి దిగుతుంది. 2009లో దేశానికి 22 శాతం తక్కువ కురిసింది. అయినా 1997లో అంత పెద్ద ఎల్ నినో వచ్చినా మనకు కురవలసినంత కురిసింది. ఆ ఏడాది హిందూ మహాసముద్రంలో పడమటి వైపు నీరు వెచ్చగా, సుమత్రా వైపు చల్లగా ఉండి మనకు అండగా నిలిచింది. అందుకే ఎల్ నినో మాట వినగానే విత్తనం వెనక్కి పెట్టేవాళ్ళను చూస్తే నాకు మనసు ఆగదు. ఏటా చూడవలసింది వేడి ఎక్కడ పడుతోందన్నది.

వాయుగుండం సంగతి. ఒడిశా తీరం దాటి పడమటి వాయవ్యంగా కదిలే వాయుగుండాలకు కుంభవృష్టి కేంద్రంలో ఉండదు. నడిచే దారికి ఎడమ పక్కన, అంటే నైరుతి వైపున, గాలులు గుమికూడి పైకి లేస్తాయి. పూరీకి ఉత్తరాన తీరం దాటితే కోరాపుట్, మల్కన్‌గిరి, బస్తర్, మీ గడ్చిరోలి ఆ నైరుతి పక్కకే వస్తాయి. వాతావరణ శాఖ ప్రతి గురువారం రానున్న వారాల అంచనా ఇస్తుంది. పూత దశలో ఎరువు వేసే ముందు అది ఒక్కసారి చూడండి.

అమ్మా గుణుపురం టీచరు గారూ, పిల్లలకు బెలూను అక్కరలేదు. వాన వెలిసిన సాయంత్రం పెరట్లో నిలబెట్టి, ఏదైనా తాటిచెట్టు కొసను గురిగా పెట్టుకుని పైకి చూడమనండి. కింది నల్ల మబ్బులు ఒక వైపు పోతుంటాయి. వాటి సందుల్లో బాగా ఎత్తున దూది పీచులాంటి తెల్ల మబ్బు కనిపిస్తే, అది ఎటు పోతోందో ఓపికగా గమనించమనండి.

వంశధార ఒడ్డు (గుణుపురం, రాయగడ జిల్లా)

మాస్టారూ, మీకూ మిగతా ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సోమవారం పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పాను. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసిరాము. 34 దగ్గర ఉన్నది 28కి దిగింది. "పోయిన ఆరు డిగ్రీల వేడి ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగితే అందరూ గుడ్డ వైపు చూశారు, ఆ అమ్మాయి మాత్రం పైకి చూసింది. 28 వేల యూనిట్ల లెక్క తనే పలక మీద వేసి, వాళ్ళ నాన్నకు చూపిస్తానని పలకను చెరపకుండా ఇంటికి తీసుకెళ్ళింది.

నిన్న సాయంత్రం నాలుగింటికి వాన వెలిసింది. మా దొడ్డి వెనక తాటిచెట్టు ఉంది. పదకొండుమందిమి తడి గడ్డి మీద నిలబడ్డాము. కింది మబ్బులు చెట్టు మొవ్వును రాసుకుంటున్నట్టు ఈశాన్యంగా పరుగెత్తుతున్నాయి. వాటి పైన చాలాసేపు ఏమీ కనబడలేదు. ఇద్దరు చిన్నవాళ్ళు విసుగొచ్చి ఏటి గట్టుకు పోయారు. తర్వాత ఒక సందు తెరుచుకుంది. అక్కడ, ఎంతో ఎత్తున, సన్నని తెల్లని పీచు ఒకటి కదలనట్టే ఉంది. మేము మొవ్వును గురి పెట్టుకుని అరవై దాకా లెక్కపెట్టాము. అది తాటాకు కొస దాటి పడమటికి జరిగింది.

మీ ఇంటి నుంచి కూడా అప్పుడు కనబడిందా మాస్టారూ?